గేరు పళ్ళ లెక్క

సోమవారం మొదటి బస్సు అందుకోవాలని ఆవిడ తెల్లారకముందే లేచింది. ఇల్లు ఊడ్చి, వంట చేసి మూతలు పెట్టింది. పెరట్లోని షెడ్డు తాళం తీసి, మొగుడి స్టూలు ఎప్పటిలాగే గుమ్మం పక్కన వేసి, సంచీ భుజాన తగిలించుకుంది. చెల్లెలికి కంటి ఆపరేషన్. ఒక రాత్రి తోడుండి మంగళవారం సాయంత్రానికి తిరిగొచ్చేస్తుంది.

"ఫ్లాస్కులో కాఫీ ఉంది. మాత్రలు డబ్బా మూత మీదే పెట్టాను, వెతుక్కోనక్కర్లేదు," అంది. గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. "ఏమండీ, ఈ రెండ్రోజుల్లో ఏదైనా బండి వస్తే నేనొచ్చేదాకా ఆపకూడదూ?"

మేస్త్రీ నవ్వాడు. "నువ్వొచ్చి ఏం బిగిస్తావే? నట్టా, బోల్టా?"

ఆవిడ ఏదో అనబోయింది. వీధి చివర బస్సు హారన్ వినిపించేసరికి సంచీ సర్దుకుంటూ పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

మేస్త్రీ గ్లాసులో కాఫీ పోసుకుని షెడ్డులోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. సగం తాగాక చూసుకుంటే గ్లాసు పట్టుకున్న వేళ్ళు ఎర్రగా కమిలి ఉన్నాయి. అంత వేడి గ్లాసు అంతసేపు పట్టుకున్నట్టు ఆయనకు తెలియనే లేదు. గ్లాసు కింద పెట్టి, కూతురు వచ్చే అలికిడి విని, కుడిచెయ్యి జేబులో దోపుకున్నాడు.

ఎనిమిది నెలల కింద పక్షవాతం తాకి వెళ్ళింది. వంకరపోయిన మూతి సర్దుకుంది, కాలు దారికొచ్చింది, చేతికి పట్టు కూడా తిరిగొచ్చింది. రానిది ఒక్కటే. కుడిచేతి వేళ్ళకు స్పర్శ లేదు. ఆ సంగతి ఆయన డాక్టరుకు చెప్పలేదు, పెళ్ళానికి చెప్పలేదు, కూతురికి అసలే చెప్పలేదు. ఎలా చెప్తాడు? ఆయన పేరంతా ఆ వేళ్ళలోనే ఉంది మరి.

కొండదారుల్లో తిరిగే పాత జీపులకు గేర్‌బాక్సు పోతే చుట్టుపక్కల ఎవరైనా చెప్పేది ఒకే మాట: గేర్ల మేస్త్రీ దగ్గరికి పట్టుకుపో. ఆ పాత పెట్టెల మీద అంకెలు ఎప్పుడో తుప్పు తినేసి ఉంటాయి. వివరాలు చెక్కిన ఇత్తడి రేకులు ఊడిపోయి ఉంటాయి. బయటికి అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వైద్యుడు నాడి చూసినట్టు మేస్త్రీ పెట్టె మీద అరచెయ్యి వేసి, ముందున్న షాఫ్టును రెండు వేళ్ళతో అటూ ఇటూ తిప్పి, అది ఏ కాలం నాటిదో, ఎన్ని గేర్లదో, ఏ బండికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో చెప్పేవాడు. పట్టుకుచూసిన పెట్టెను విప్పి చూడాల్సిన అవసరం ముప్పై ఏళ్ళలో రాలేదు. జబ్బు చేసిన తర్వాత కూడా ఏడు బండ్లకు చెప్పాడు. ఏడూ సరిగ్గా కూర్చున్నాయి. వేళ్ళకు ఏమీ తెలియకపోయినా, ముప్పై ఏళ్ళ విద్య ఎముకల్లోకి దిగిపోయి ఉంటుందని ఆయన తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

కూతురు వచ్చి షట్టరు పూర్తిగా ఎత్తింది. డిప్లమా చదివి, కంపెనీలో నాలుగేళ్ళు పనిచేసి, "నాన్న పనే నాకు నచ్చుతుంది" అని వచ్చేసిన పిల్ల. దేన్నైనా కొలవందే నమ్మదు. చొక్కా జేబులో ఎప్పుడూ వెర్నియర్ ఉంటుందని తండ్రి ఆమెను 'వెర్నియరూ' అని పిలుస్తాడు.

తొమ్మిది కాకముందే కొండ డాక్టరమ్మ జీపును ఒక ట్రాక్టరు లాక్కొచ్చి గుమ్మం ముందు వదిలింది. ఆ జీపు కూతురి కంటే ఇరవై ఏళ్ళు పెద్దది. పొట్టిది, ఇరుకుది. పైనున్న ఊళ్ళకు పోయే దారిలో ఒక చోట రెండు బండల మధ్య అంతకంటే వెడల్పు బండి పట్టదు. అందుకే డాక్టరమ్మ ఇరవై ఏళ్ళుగా దాన్నే నడుపుతోంది.

"పెట్టె పగిలిపోయింది మేస్త్రీ. నూనంతా దారిలోనే పోయింది," అంది డాక్టరమ్మ. "గురువారం పొద్దున నేను పైన ఉండాలి. ఇద్దరు నిండుచూలాళ్ళున్నారు. ఒకామెకు కవలలు. వానలు పట్టుకుంటే ఇక కిందికి దించలేం."

కూతురు బండి కిందికి దూరి చూసింది. గేర్‌బాక్సు తొడుగు అడ్డంగా చీలిపోయి ఉంది. అతికేది కాదు. మరో పెట్టె పెట్టాలి. షెడ్డులో గోడవారగా పన్నెండు పాత పెట్టెలున్నాయి.

"మొదటి గేరు బాగా బరువైనది కావాలి నాన్నా. లోడుతో ఆ ఎత్తు ఎక్కాలి, దిగేటప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచాలి. ఒక్కోదానికీ సుద్దముక్కతో గీత పెట్టి తిప్పి చూస్తాను. ముందు షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే వెనకది ఒక చుట్టు తిరుగుతుందో లెక్కపెడితే..."

మేస్త్రీ అప్పటికే లేచాడు. గుమ్మానికి దగ్గరగా ఉన్న మొదటి పెట్టె మీద చెయ్యి వేశాడు. షాఫ్టు తిప్పాడు. చెయ్యి ఏమీ చెప్పలేదు. మనసు మాత్రం అవునంది.

"ఇదే," అన్నాడు.

"ఒక్కసారి గీత పెట్టి..."

"అమ్మడూ," అన్నాడు మేస్త్రీ. గొంతు పెంచలేదు. "నా చేతికి సుద్దగీత పరీక్ష పెడతావా? అదీ బయటివాళ్ళ ముందు?"

కూతురు డాక్టరమ్మ వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. సుద్దముక్క జేబులో వేసుకుంది. పెద్దాయన మాట కాదనలేక చేసిన ఆ పనికి ఆ పిల్ల తర్వాత చాలా రోజులు తనను తాను తిట్టుకుంది.

ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా పనిచేసి పెట్టె ఎక్కించారు. మూడింటికి డాక్టరమ్మ మందుల పెట్టెల బరువుకు సరిపడా ఇసుక బస్తాలు వేసుకుని, రాళ్ళ క్వారీ వెనకనున్న ఎత్తుకు తీసుకెళ్ళారు. కూతురు నడుపుతోంది. తండ్రి పక్కన కూర్చున్నాడు.

సగం ఎత్తు దాకా జీపు బాగానే ఎక్కింది. ఆ తర్వాత ఇంజను రొప్పడం మొదలుపెట్టింది. మొదటి గేరులోనే ఉంది. అంతకంటే కిందికి దించడానికి ఇంకేమీ లేదు. ఒక్కసారి వణికి ఆగిపోయింది. కూతురు బ్రేకు తొక్కింది. ఇసుక బరువుకు బండి ఆగలేదు. నెమ్మదిగా, ఆ తర్వాత నెమ్మది లేకుండా, వెనక్కి జారడం మొదలుపెట్టింది. కుడివైపు క్వారీ గొయ్యి. కూతురు పళ్ళు బిగబట్టి స్టీరింగు ఎడమకు తిప్పేసింది. జీపు వెనక భాగం మట్టిగట్టును గుద్దుకుని, ఇద్దరినీ వెనక్కి, మళ్ళీ ముందుకు విసిరి, నిలబడిపోయింది.

దుమ్ము తగ్గాక మేస్త్రీ దిగి చూశాడు. ముందు చక్రానికీ గొయ్యి అంచుకూ మధ్య మూరెడు నేల ఉంది. ఆయన ఆ మూరెడు నేలను చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

బండిని మళ్ళీ లాగించుకుని ఇంటికి తెచ్చారు. కూతురు చైన్ పుల్లీతో పెట్టె దించింది. షాఫ్టుల మీద సుద్దగీతలు పెట్టి, మొదటి గేరులో తిప్పింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వెనక గీత చుట్టు తిరిగి మొదటికొచ్చింది. కావలసింది ఆరు చుట్ల పెట్టె. ఇది నాలుగు చుట్లది. మైదానంలో సరుకులు మోసే బండిది.

పొద్దు వాలుతుండగా ఆవిడ ఊరి నుంచి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే లోపలి గాలి పసిగట్టింది. హాల్లో తండ్రి ఒక మూల, కూతురు ఒక మూల కూర్చుని ఉన్నారు. కూతురి నుదుటి మీద చిన్న బొప్పి కట్టి ఉంది.

"ఏమైంది?" అంది ఆవిడ.

కూతురు జరిగింది చెప్పింది. చెప్పి, లేచి వచ్చి తండ్రి ముందు నేల మీద కూర్చుంది. "కళ్ళు మూసుకో నాన్నా."

"ఎందుకు?"

"మూసుకో."

మూసుకున్నాడు. కూతురు ఆయన కుడి అరచేతిలో ఏదో పెట్టి వేళ్ళు ముడిచింది. "ఏమిటిది?"

ఆయన వేళ్ళు కదిపాడు. బరువు తెలిసింది. రూపం తెలియలేదు. "నట్టు," అన్నాడు చివరికి.

కళ్ళు తెరిస్తే చేతిలో బేరింగు గుండు ఉంది. గుండ్రంగా, నున్నగా.

"ఎప్పటి నుంచి?" అని అడిగింది కూతురు.

"జబ్బు చేసిన రోజు నుంచి."

"మాకు చెప్పాలని అనిపించలేదా? ఈ రోజు ఆ మూరెడు నేల లేకపోతే నువ్వూ లేవు, నేనూ లేను. లేదా డాక్టరమ్మ లేదు, పైనున్న ఆ ఇద్దరు తల్లులూ లేరు. నీ పరువు అంత బరువైందా నాన్నా?"

మేస్త్రీ తల ఎత్తలేదు. తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు. "తప్పే. కానీ నాకు ఒకటి అర్థం కావడం లేదు. ఈ ఎనిమిది నెలల్లో ఏడు పెట్టెలు చెప్పాను. ఏడూ సరిపోయాయి. చచ్చిన చెయ్యి ఏడుసార్లు ఎలా చెప్పింది?"

ఆవిడ చేతిలోని సంచీ ఇంకా కింద పెట్టనే లేదు.

"సరైన పెట్టెను నేను గుమ్మం దగ్గరికి జరిపి పెట్టేదాన్ని," అంది.

తండ్రీ కూతుళ్ళిద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"ముందురోజు సాయంత్రం ఏ బండి వచ్చిందో మీరిద్దరూ మాట్లాడుకుంటారు కదా. పొద్దున షెడ్డు ఊడ్చేటప్పుడు దానికి తగింది పుల్లీతో లేపి, స్టూలు పక్కన దించేదాన్ని. మీరు వచ్చి ముందు దాని మీదే చెయ్యి వేస్తారు. నిన్న నేను లేను. పోయిన వారం కడిగి ఆరబెట్టిన పెట్టె అక్కడే ఉండిపోయింది."

"నీకెలా తెలుస్తుందమ్మా?" అంది కూతురు తెల్లబోయి. "నువ్వు వాటిని కడుగుతావు, అంతేగా."

ఆ మాట అన్నాక ఆ పిల్లే నాలుక కరుచుకుంది. ఆవిడ మాత్రం నొచ్చుకున్నట్టు కనబడలేదు. "అవును, కడుగుతాను," అంది.

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. మొహం నల్లబడింది. "అంటే ఎనిమిది నెలలు నన్ను బొమ్మను ఆడించినట్టు ఆడించావన్నమాట."

"ఆడించలేదండీ. పడిపోకుండా పట్టుకున్నాను."

"నా చెయ్యి చచ్చిందని నీకు తెలుసు."

"ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజున మీ చేతి మీద చీమ కుట్టి దద్దురు లేచింది. మీరు పేపరు చదువుకుంటూనే ఉన్నారు. ఆ రోజే తెలిసింది. మీరు చెప్పేదాకా ఆగుదామనుకున్నాను. మీరు చెప్పలేదు. నేనూ అడగలేకపోయాను. అది నా తప్పు. పిల్ల నుదురు చూస్తే ఇప్పుడు తెలుస్తోంది, ఎంత తప్పో."

ఆయన అన్నం తినకుండానే వెళ్ళి పడుకున్నాడు.

బుధవారం పొద్దున ఆవిడ స్టవ్వు వెలిగిస్తుంటే మేస్త్రీ వంటగది గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఉతికిన తువ్వాలు ఉంది.

"రా. చూపించు," అన్నాడు. అందులో సగం కోపం, సగం అదేమిటో ఆయనకే తెలియదు.

షెడ్డులో ఆయనే ఆవిడ కళ్ళకు తువ్వాలు కట్టాడు. కూతురు పుల్లీతో పెట్టెలను అటుదిటు, ఇటుదటు మార్చేసింది. ఆవిడ నవ్వింది. "పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళకు కళ్ళగంతలాటా?"

మొదటి పెట్టె మీద చెయ్యి వేసింది. మేస్త్రీ వేసినట్టు అరచెయ్యి వేయలేదు. పసిపిల్ల వీపు నిమిరినట్టు నిమిరి, కింద నూనె తీసే బిరడా దాకా వేళ్ళు పోనిచ్చింది.

"ఇది గొణుగుడు మామ. మూడు గేర్లది. మొదటి గేరు వేసేటప్పుడు బండి పూర్తిగా ఆగితే తప్ప ఒప్పుకోడు, గొణుగుతాడు. ముందు షాఫ్టు మీది గేరుకు పదహారు పళ్ళు."

కూతురు పైమూత బోల్టులు విప్పి లెక్కపెట్టింది. పదహారు.

"ఇది సన్నాయమ్మ. నాలుగు గేర్లు. మూడో గేరులో సన్నగా పాడుతుంది. పెద్ద చక్రానికి ఇరవై తొమ్మిది."

కూతురు లెక్కపెట్టి, "ఇరవై ఎనిమిదమ్మా," అంది.

"మళ్ళీ చూడు."

కూతురు ఈసారి ఒక పంటి మీద సుద్ద రాసి లెక్కపెట్టింది. ఇరవై తొమ్మిది. జేబులోంచి వెర్నియర్ తీసి బల్ల మీద పెట్టేసింది.

మూడోది, నాలుగోది, అయిదోది. ప్రతిదానికీ ఒక ముద్దుపేరు, ఒక గుణం, ఒక లెక్క. మూతలు విప్పుతున్న కూతురి చేతులు క్రమంగా నెమ్మదించాయి. ఎనిమిదో పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆమె విప్పడం మానేసి, తల్లి మొహం చూస్తూ నిలబడిపోయింది. కళ్ళకు గంతలు కట్టుకున్న ఆ మొహంలో, దారిలో ఎదురైన చుట్టాలను పేరు పేరునా పలకరిస్తున్న మనిషి ప్రసన్నత ఉంది.

తొమ్మిదో పెట్టె దగ్గర ఆవిడ ఆగింది. షాఫ్టు తిప్పింది. తల పక్కకు వంచి మళ్ళీ తిప్పింది.

"ఇది ఒకటి కాదండీ. రెండు. తొడుగు ఒకదానిది, లోపలి పేగులు ఇంకోదానివి. అమ్మాయికి ఏడాది నిండిన నెలలో క్వారీ ఆయన కోసం మీరే కలిపారు, ఆయన తీసుకెళ్ళనే లేదు. రెండో గేరు చక్రం షాఫ్టు మీద కూర్చోకపోతే ఆకురాయితో రాత్రంతా రుద్దారు. ఆ గరుకు ఇంకా ఉంది, వేలికి తగులుతుంది."

మేస్త్రీ స్టూలు మీద కూర్చున్నాడు. ఆ పని ఆయనే చేశాడు. తన చేత్తో. ఇప్పుడామె చెప్పేదాకా తనకే గుర్తు లేదు. ఇన్నేళ్ళు ఆ పెట్టె తన గోడవారనే ఉంది. తను మేలుకున్న ఆ రాత్రంతా ఆవిడ వేలికొనలో ఉంది.

"ఈ లెక్కలన్నీ నీకెప్పుడు వచ్చాయే?" అన్నాడు. ఆ గొంతులో కోపం ఆనవాలు కూడా లేదు.

ఆవిడ తువ్వాలు విప్పి మడతపెట్టింది. "మన పెళ్ళయిన మొదటి ఏడు. నేను కడిగిన ఒక గేరు పళ్ళ మధ్య ఇసుకరేణువు ఉండిపోయింది. వారం తిరక్కుండా ఆ పెట్టె నమిలేసుకుంది. నలుగురి ముందు మీరు నన్ను 'కళ్ళు నెత్తి మీద పెట్టుకుని కడిగావా' అన్నారు. ఆ రోజు నుంచి ఒక్కో పన్నూ లెక్కపెట్టుకుంటూ కడిగేదాన్ని. లెక్క తప్పితే మళ్ళీ మొదటి నుంచి. కిరసనాయిలు తొట్టి ముందు రోజుకు నాలుగు గంటలు కూర్చుంటే ఇంకేం చేస్తాం? వద్దన్నా వచ్చేస్తాయి."

"అలా అన్నానా?"

"అన్నారు."

ఆయనకు ఆ మాట గుర్తులేదు. ఎంత వెతుక్కున్నా దొరకలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఆ మాట ఎవరి గురించో అనుకున్నాడు ఇన్నాళ్ళూ. తను ఒక్కసారి విసిరిపారేసి మరిచిపోయిన మాటను ఈ మనిషి ఏరుకుని, దాన్ని కసిగా కాక విద్యగా మార్చుకుంది. ఆయన కళ్ళు నిండాయి.

"మరి ఎప్పుడూ ఒక్క మాటైనా చెప్పలేదేమే?"

ఆవిడ కాస్త ఆలోచించింది. "మీరు పెట్టె మీద చెయ్యి వేసి చెప్తుంటే జనం నోరు తెరుచుకుని వినేవారు. నేను గిన్నెలో బోల్టులు కడుగుతూ నాలో నేను ముందే చెప్పుకునేదాన్ని, మీరు అదే చెప్తారా లేదా అని. ప్రతిసారీ అదే చెప్పేవారు. అది నాకు బాగుండేది. ఆ ముప్పై ఏళ్ళు మీ చెయ్యి తప్పలేదు, అందులో నేను చేసిందేమీ లేదు."

కూతురు వచ్చి తల్లి భుజం మీద మొహం దాచుకుంది. "నిన్న అలా అన్నందుకు..."

"పోనీలేవే. అన్నది అబద్ధం కాదుగా." ఆవిడ కూతురి నుదుటి బొప్పిని బొటనవేలితో మెల్లగా రాసింది. "డాక్టరమ్మ పొద్దెక్కేసరికి ఫోను చేస్తుంది. ముందు ఆ పని చూద్దాం పద."

"ఏ పెట్టె పెడదాం?" అంది కూతురు. అడిగింది తల్లిని.

ఆవిడ మొగుడి వైపు చూసింది. మేస్త్రీ కళ్ళు తుడుచుకుని, "చెప్పు," అన్నాడు.

"ఆరు చుట్లవి రెండున్నాయి. ఈ పొడుగుది గట్టిది, నాకిష్టం. కానీ డాక్టరమ్మ బండి పొట్టిది. ఇది పెడితే వెనక చక్రాలకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టుకు జానెడు చోటు కూడా మిగలదు. మరీ ఏటవాలుగా వంగి తిరిగి తిరిగి, నాలుగు రోజుల్లో దాని కీలులోని క్రాసు విరిగిపోతుంది. అదిగో, ఆ మూలనున్న పొట్టోడు. వాడి షాఫ్టు మీద గాడులు పది. ఆ బండి క్లచ్ ప్లేటుకూ పదే. కాకపోతే వాడి మూడో గేరు ఇత్తడి రింగు అరిగింది."

"కొత్తది ఈ రోజు ఎక్కడ దొరుకుతుంది?" అంది కూతురు.

"నిన్న దించిన నాలుగు చుట్లదాంట్లో ఉంది. రెండూ అన్నదమ్ములే. చుట్ల లెక్క వేరు గానీ రింగులు ఒకటే."

మేస్త్రీ తల ఊపాడు. అంతే. ఆ రింగు సంగతి తనకు తట్టేదే, ఎప్పుడో ఒకప్పుడు. అడిగిన వెంటనే మాత్రం తట్టేది కాదు.

ఆ రోజు ముగ్గురూ కలిసి పనిచేశారు. విప్పడం, బిగించడం కూతురిది. ఒక్కో చక్రం కూర్చోబెట్టేటప్పుడు వేలు పెట్టి చూసి "ఊఁ" అనడం తల్లిది. మేస్త్రీ ఎడమచేత్తో దీపం పట్టుకున్నాడు. ఏ బోల్టు ముందు, ఏది తర్వాత, ఎంత బిగువు అనేది ఆయనే చెప్పాడు. అది ఆయన తలలో చెక్కుచెదరలేదు. మూత వేయబోయే ముందు కూతురు జేబులోంచి సుద్దముక్క తీసి, అనుమతి కోసం చూసింది.

"పెట్టు. గీత పెట్టకుండా ఇక ఏ పెట్టె కూడా ఈ షెడ్డు దాటదు," అన్నాడు మేస్త్రీ.

ఆరు చుట్లు తిరిగి, ఇంకొంచెం తిరిగాక వెనక గీత పైకొచ్చింది.

గురువారం తెల్లవారగానే ఇసుక బస్తాలతో క్వారీ ఎత్తుకు వెళ్ళారు. ఈసారి మేస్త్రీ పట్టుబట్టి ఆవిడను ముందు సీట్లో కూర్చోబెట్టి, తను వెనక బస్తాల మీద కూర్చున్నాడు. జీపు మొదటి గేరులో, తొందర లేకుండా, తలమీద బిందె పెట్టుకున్న మనిషి నడిచినట్టు నడిచింది. మంగళవారం ఆగిపోయిన చోట కూతురు కావాలనే బండి ఆపి, మళ్ళీ కదిలించింది. వెంట్రుకవాసి వెనక్కి జారలేదు. పైకెక్కి, అదే గేరులో బ్రేకు ముట్టకుండా కిందికి దించింది. దిగేంతసేపూ ఇంజను బండిని మెడ పట్టుకుని ఆపినట్టు పట్టి ఉంచింది. మేస్త్రీ ఎన్ని వేల బండ్లు ఎక్కించాడో, దించాడో. అయినా ఆ రోజు, మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు. చేతిలో పట్టే చక్రాలు, వాటి పళ్ళు ఒకదాన్నొకటి అందుకుంటూ ఇంత బరువును కొండ మీదికి మోయడం ఎంత వింత అనిపించింది.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ మందుల పెట్టెలతో సిద్ధంగా ఉంది. స్టీరింగు ముందు కూర్చుని, "రేపు సాయంత్రానికల్లా కబురు చేస్తాను. ఈసారి ఏం పెట్టారు మేస్త్రీ?" అంది.

"నన్నడక్కండి. పెట్టె ఎంచింది మా ఇంటావిడ," అన్నాడు మేస్త్రీ. "నేను దీపం పట్టుకున్నాను."

డాక్టరమ్మ ఆవిడ వైపు చూసింది. ఆవిడ సిగ్గుపడి, "రెండో గేరు వేసేటప్పుడు ఒక్క క్షణం ఆగి వేయండి, వాడికి తొందర పనికిరాదు," అంది.

జీపు వీధి మలుపు తిరిగింది. కాసేపటికి ఊరు దాటి, కొండదారి ఎక్కి, చెట్ల మధ్య కనుమరుగైంది. కూతురు పనిముట్లు సర్దడానికి షెడ్డులోకి వెళ్ళింది. ఆలుమగలిద్దరూ గేటు దగ్గర నిలబడ్డారు.

"రేపటి నుంచి పెట్టెలు కడిగే పని నాది," అన్నాడు మేస్త్రీ. "నువ్వు స్టూలు మీద కూర్చో."

"మీరు కడిగితే ఇసుక ఉండిపోతుంది."

"అయితే లెక్క నేర్పు. తప్పితే తిట్టు."

ఆవిడ పెద్దగా నవ్వబోయి, చెయ్యెత్తి ఆపింది. కొండ వైపు చెవి ఒగ్గింది. మేస్త్రీ కూడా విన్నాడు. గాలి తప్ప ఏమీ వినిపించలేదు.

"రెండో గేరులో ఉంది," అంది ఆవిడ కళ్ళు మూసుకుని. "ఇప్పుడు బండల సందు దగ్గరికి వచ్చింది. ఆగింది... మొదటి గేరు వేసింది. పడింది."

మేస్త్రీ ఊపిరి బిగబట్టి విన్నాడు. గాలి ఒక్క క్షణం ఆగింది. ఆ నిశ్శబ్దంలో, చాలా దూరంలో, మొదటి గేరులో కొండెక్కుతున్న జీపు చప్పుడు ఆయనకూ వినిపించింది.